ఇంటికో ఫ్రెంచ్ ప్రెస్!

ప్రతి ఇంట్లోనూ ఒక ఫ్రెంచ్ ప్రెస్ ఉండి తీరాలని ప్రభుత్వం వెంటనే చట్టం చెయ్యాలి! ఫ్రిజ్ లేకపోయినా ఫరవాలేదు, పక్కింటివాళ్ళది వాడుకోవచ్చు. మంచం లేకపోయినా చాప మీద సర్దుకోవచ్చు. ఫ్రెంచ్ ప్రెస్ లేని కాపురం మాత్రం కాపురమే కాదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలను.

అదేమిటో తెలియని అమాయకులు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళ కోసం చెబుతున్నాను. అదొక గాజు జాడీ. దానికో మూత. మూతలోంచి ఒక కడ్డీ, కడ్డీ చివర గుండ్రటి జల్లెడ. జాడీలో కాఫీ పొడి వేసి, వేడినీళ్ళు పోసి, నాలుగు నిమిషాలు ఆగి కడ్డీని కిందికి నొక్కితే పొడి అడుగున ఉండిపోతుంది, కాఫీ పైన మిగులుతుంది. అంతే! ఇంత చిన్న వస్తువు మా ఇంట్లో తెచ్చిన మార్పు చూస్తే మీకు కళ్ళు చెమరుస్తాయి. నాకు రోజూ చెమరుస్తున్నాయి.

అన్నిటికన్నా ముందు, దీనివల్ల మగవాళ్ళు నిద్ర లేస్తారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో మావారు ఏడున్నరకి ముందు లేచిన దాఖలా లేదు. ఆయన లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. ఎక్కుతారు, దిగుతారు, గంట మోగుతోందో లేదో చూస్తారు, సర్టిఫికెట్టు మీద సంతకం పెడతారు. ఏ లిఫ్టూ పదింటి లోపల ఆయన్ని పిలవదు. అలాంటి మనిషికి ఆఫీసులో ఒక పెద్దాయన రిటైరవుతూ తన ఫ్రెంచ్ ప్రెస్ అంటగట్టి పోయాడు. ఇక ఇంట్లోనే ఉండబోతున్నవాడు ఆ వస్తువుని ఇంటికి ఎందుకు పట్టుకెళ్ళలేదు? ఆ ఇల్లాలు ఏమని ఉంటుంది? నాకు అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు.

ఆ మర్నాటి నుంచి మావారు తెల్లవారుజామున అయిదింటికి లేస్తున్నారు. అలారం కూడా అక్కర్లేదు!

ఇక జ్ఞానం సంగతి చూడండి. ఇదివరకు మేం కాఫీ పొడి కొనడమంటే కొట్టుకెళ్ళి "కాఫీ పొడి ఇవ్వండి" అనడమే. ఎంత మోటుతనం! ఇప్పుడు గింజలు వేయించి అమ్మే కొట్టుకి వెళుతున్నాం. అక్కడ తోలు ఏప్రన్ కట్టుకున్న కుర్రాడు మనల్ని కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చేస్తాడు. ఎంత ఎత్తున పండిన గింజ కావాలి? పండుతో ఎండబెట్టిందా, కడిగి ఎండబెట్టిందా? లేతగా వేయించాలా, ముదురుగానా? ఎత్తు అన్న మాట వినగానే మావారి ముఖం వెలిగిపోయింది. లిఫ్టుల మనిషి కదా! పన్నెండు వందల మీటర్లు చాలదట, పదహారు వందలు కావాలన్నారు. అంత ఎత్తుకి ఏ లిఫ్టూ పోదన్న బెంగ కూడా కాఫీతో తీరిపోయింది.

ఒక ఆదివారం ఆ కొట్లో రెండు గంటలు నిలబడి పదకొండు సీసాలు వాసన చూశాను. ఆరో సీసా దగ్గర నుంచి అన్నీ ఒకేలా ఉన్నాయి. పదకొండో దాని దగ్గర తుమ్మాను. "ఘాటు పట్టేసింది చూశారా!" అని ఆ కుర్రాడు మెచ్చుకున్నాడు. మావారు అదే కొన్నారు.

గింజలు వేయించి నాలుగు రోజులు దాటాలి, మూడు వారాలు దాటకూడదు. అందుకని వేయించిన తేదీని వంటింటి తలుపు వెనక ఎర్ర ఇంకుతో రాసిపెట్టారు. నా పుట్టినరోజుకి అలాంటి మర్యాద ఇంతవరకూ దక్కలేదు. అయినా నేను మూడు వారాలు దాటి చాలా కాలమైంది కదా!

పొడి ఆడించడం ఇంకో శాస్త్రం. ఫ్రెంచ్ ప్రెస్‌కి పొడి రాళ్ళ ఉప్పులా బరకగా ఉండాలి. మొదటిసారి తెలియక కొట్లో మెత్తగా ఆడించి తెచ్చారు. నాలుగు నిమిషాలయ్యాక కడ్డీ నొక్కితే దిగదు. జల్లెడలో పొడి దట్టంగా కూరుకుపోయింది. మరొకరైతే ఊరుకునేవారు. కిందికి దిగనని మొరాయించేదాన్ని దింపడమే వృత్తిగా ఉన్న మనిషి ఊరుకుంటారా? స్టూలెక్కి, రెండు చేతులూ ఆనించి, ఒంట్లో బరువంతా వేసి నొక్కారు. కడ్డీ దిగింది. కాఫీ మాత్రం పైకి లేచింది. మా వంటింటి పైకప్పు మీద ఇప్పుడొక దేశం మ్యాపు ఉంది. మావారు తల తుడుచుకుంటూ చాలా నిదానంగా "ఓవర్‌లోడు" అన్నారు.

దాంతో చేత్తో తిప్పే గ్రైండరు కొన్నారు. రోజూ తెల్లవారుజామున తొంభై చుట్లు. గరగరమని శబ్దం. మొదటి రోజు మా అత్తగారు పక్కగదిలోంచి కంగారుగా కేకేశారు.

"ఎవరే ఆ పళ్ళు నూరుతోంది?"

"మీ అబ్బాయే అత్తయ్యా, కాఫీ పెడుతున్నారు."

"వాడా? కాఫీయా?" అని లేచొచ్చి, గుమ్మంలో నిలబడి, కొడుకుని కళ్ళారా చూసుకుని మురిసిపోయారు. "మంచినీళ్ళు కూడా ముంచుకోనివాడమ్మా! నువ్వు అదృష్టవంతురాలివి."

నిజమే కదా? మరి ఆవిడ ఆ కాఫీ ఒకే ఒక్కసారి తాగారు. రెండో రోజుకల్లా డాక్టరు కాఫీ మానెయ్యమన్నాడట.

"ఏ డాక్టరు అత్తయ్యా?"

"ఉన్నాళ్ళేవే ఒకాయన" అని టీవీ పెట్టుకున్నారు.

కొలతల విషయానికొస్తే నా అదృష్టం మరీ పండింది. నేను పనిచేసేది రక్తపరీక్షల లాబ్‌లో. పొద్దున్న ఏడింటికి షట్టరు తియ్యగానే పరగడుపున వచ్చినవాళ్ళు నలభై మంది లైన్లో ఉంటారు. ఆకలితో ఉన్నవాళ్ళు, సూదంటే భయం ఉన్నవాళ్ళు, "మేడమ్, కాఫీ తాగొచ్చాను, అది కూడా లెక్కలోకొస్తుందా?" అనేవాళ్ళు. అందరికీ సమాధానం చెప్పాలి, అందరికీ నరం దొరకబుచ్చుకోవాలి. రోజంతా మిల్లీలీటర్లు, టైమర్లు, చీటీలు. ఇంట్లో ఇవేవీ లేక నేను ఎంత వెలితి పడిపోయేదాన్నో! ఇప్పుడు మా వంటింట్లో కూడా గ్రాముల కాటా ఉంది, థర్మామీటరుంది, టైమరుంది. ముప్ఫై గ్రాముల పొడి, నాలుగు వందల యాభై మిల్లీలీటర్ల నీళ్ళు, తొంభై మూడు డిగ్రీల వేడి. తొంభై ఆరైతే కాఫీ మాడుతుందట, తొంభై అయితే అలుగుతుందట.

ముందు కాసిన్ని నీళ్ళు పొయ్యాలి. పొడి బుసబుసమని పొంగుతుంది. ఆ ముప్ఫై సెకన్లూ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు.

"ష్! ఊపిరి తీసుకుంటోంది" అంటారు మావారు.

నేను ఊపిరి బిగపట్టుకుంటాను. తర్వాత మిగతా నీళ్ళు. పైన కట్టిన తెట్టుని చెంచాతో మూడుసార్లు, మూడే సార్లు, కలపాలి. మూత పెట్టి టైమరు నొక్కాలి. నాలుగు నిమిషాలు! నాకు బస్సు తప్పిపోయేలా ఉన్నా సరే, నాలుగంటే నాలుగే. అప్పుడు కడ్డీని మెల్లగా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు, కిందికి దించాలి. వెంటనే కప్పుల్లోకి వంచెయ్యాలి, లేకపోతే చేదెక్కుతుంది. పాలా? మా ఇంట్లో ఆ మాట అనకండి. పంచదారా? అది గింజని అవమానించడం.

తర్వాత ఆయన నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటారు. నా ముఖంలోకి చూస్తారు. నేను మొదటి గుక్క వేస్తాను.

"ఎలా ఉంది?"

పాఠకులారా, పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో మిమ్మల్ని మీ ఆయన రోజూ పొద్దున్నే ఎదురుగా కూర్చుని ఒక అభిప్రాయం అడిగారా? అడగలేదు కదా? నన్ను అడుగుతున్నారు! రోజూ! ఒక్కోరోజు రెండుసార్లు!

మొదట్లో "బావుంది" అనేదాన్ని. ఆ జవాబు చెల్లలేదు. "బావుంది అంటే ఎలా? వివరంగా చెప్పు" అనేవారు. కొట్లో ఇచ్చిన సంచీ మీద ఎండు రేగుపండు, నారింజ తొక్క, తడిసిన చెక్క అని రాసి ఉంది. అవి నా నాలుకకి ఎందుకు తగలడం లేదని ఆయన బాధ. ఒకరోజు నాకు ఒళ్ళు మండింది. బస్సుకి టైమైపోతోంది, జడ కూడా వేసుకోలేదు.

"మట్టి తిన్నట్టుంది" అన్నాను.

ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. "మట్టి! అదే! అదే ఉండాలి దీనికి! ఎలా పట్టావు?"

వెంటనే ఒక నోటుపుస్తకం వచ్చింది. లిఫ్టుల తనిఖీ పుస్తకం లాంటిదే, గీతలు కొట్టి, గడులు వేసి. తేదీ, గింజ, గ్రాములు, డిగ్రీలు, చిట్టచివర 'శ్రీమతి అభిప్రాయం'. అందులో మొదటి మాట మట్టి.

ఇక ఆ రోజు నుంచి నేనేమన్నా పొగడ్తే! "పుల్లగా ఏడిసింది" అంటే "ఆమ్లం పలుకుతోంది" అని రాసుకున్నారు. "మాడు కంపు" అంటే "పొగ ఛాయ". "నోట్లో పెట్టలేకపోతున్నాను" అంటే "గాఢత ఎక్కువ, గ్రాము తగ్గించాలి". ఒకసారి విసుగొచ్చి ఏమీ అనకుండా కప్పు అక్కడ పెట్టేసి వెళ్ళిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే రాసుకుంటున్నారు. "మాటలు రానివ్వదు."

చూశారా, నా భాష ఎంత పెరిగిందో! తిట్టడానికి కొత్త మాటలు వెతుక్కుంటున్న కొద్దీ నా పేరు మోగిపోయింది. ఆదివారాలు ఆయన స్నేహితులు ఇద్దరు వస్తున్నారు. తలా ఒక కప్పు పట్టుకుని, "చెల్లెమ్మ ఏమంటుందో వినాలి, ఆ నాలుకే నాలుక" అని నా వైపు చూస్తారు. "పాత చెప్పుల వాసన" అన్నాను కిందటి వారం. ముగ్గురూ కళ్ళు మూసుకుని, మళ్ళీ ఒక గుక్క వేసి, "తోలు! తోలు!" అని ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు.

మా ఆడపడుచు ఫోన్ చేసి మరీ ఏడ్చింది.

"వదినా, నువ్వెంత పుణ్యం చేసుకున్నావే! మా ఆయన గ్యాసు ఎటు తిప్పితే వెలుగుతుందో కూడా ఎరగడు. మా అన్నయ్యని ఒక్క రెండ్రోజులు మా ఇంటికి పంపించవూ?"

"రెండ్రోజులేం, నెల్రోజులు ఉంచుకో" అన్నాను. వేళాకోళం అనుకుని నవ్వేసింది.

కడగడం గురించి మీరు అడగబోతున్నారని తెలుసు. ఆ సంగతి చెప్పకపోతే అన్యాయమే. ఆ కడ్డీ చివర జల్లెడని విప్పితే అయిదు ముక్కలవుతుంది. స్ప్రింగు ఒకటి, రేకులు రెండు, జాలీ ఒకటి, చిన్న మర ఒకటి. వాటి సందుల్లో పొడి ఇరుక్కుంటుంది. అది తీసే ఓర్పు మావారికి లేదు. ఆయనది తనిఖీ శాఖ కదా, మరమ్మతు శాఖ వేరు!

ఇన్ని లాభాల ముందు నష్టం ఏమైనా ఉందా అంటే, ఉంది. చాలా చిన్నది. చెప్పుకోదగ్గది కాదు. పది నిమిషాలు.

ఇదివరకు నేను అయిదున్నరకి లేచేదాన్ని. వంటింట్లో దీపం వెయ్యకుండా, కిటికీలోంచి వచ్చే వెలుతురులోనే గిన్నెలో పాలు కాచి, చెంచాడు పొడీ, చెంచాడు పంచదారా వేసుకుని, వాషింగ్ మెషీన్ పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. బకెట్టు బోర్లించి దాని మీద కాళ్ళు పెట్టుకునేదాన్ని. ఆరయ్యేదాకా అత్తగారు "అమ్మాయ్" అనరు. ఏడున్నరయ్యేదాకా ఆయన "నా సాక్సేవి?" అనరు. నలభై మంది పరగడుపువాళ్ళు ఇంకా తమ తమ ఇళ్ళలో నిద్రపోతూ ఉంటారు. ఏదో ఆలోచించేదాన్నని అనుకోకండి. ఏమీ ఆలోచించేదాన్ని కాదు. చల్లారే లోపల తాగేదాన్ని, అంతే. ఆ పది నిమిషాలూ నేను ఎవరి భార్యనీ కాను, కోడలినీ కాను, సూది పట్టుకొచ్చే మేడమ్‌నీ కాను.

ఇరవై రెండేళ్ళు అవి నావని నాకే తెలియదు. ఎవరూ ఇవ్వలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. పోయాక తెలిసింది. ఇప్పుడు ఆ స్టూలు మీద గ్రాముల కాటా ఉంటోంది.

పోరాడలేదా అంటారా? పోరాడాను. ఒకరోజు నాలుగున్నరకే లేచి దొంగలా వంటింట్లోకి నడిచాను. పాలు పొంగేలోపల వెనక అలికిడయింది. "నీక్కూడా ఆత్రం పట్టుకుందన్నమాట!" అని ఆయన ముఖం ఇంత చేసుకుని నిలబడ్డారు. మర్నాటి నుంచి గ్రైండరు నాలుగుంపావుకే మొదలైంది. ఇంకోసారి ధైర్యం చేసి, ఆయన ఎదురుగానే నా పాల కాఫీ నేను కలుపుకున్నాను. ఆయన తన చేతిలో ఉన్న కప్పుని మెల్లగా సింకులో వంపేశారు. రెండు రోజులు ఇంట్లో అడుగుల చప్పుడు కూడా రాకుండా తిరిగారు. మూడో రోజు నేనే వెళ్ళి "ఇవాళ కాఫీ లేదా?" అని అడిగాను. నా నోటితోనే అడిగాను!

ఏం చెయ్యను చెప్పండి? తాగొచ్చి కొట్టే మొగుడైతే పోలీసులున్నారు. తిని పడుకునే మొగుడైతే తిట్లున్నాయి. కప్పు వేడినీళ్ళతో కడిగి, తుడిచి, సాసరులో పెట్టి, రెండు చేతులా పట్టుకొచ్చి నా కళ్ళలోకి చూసే మనిషిని ఏమని ఆపను? ఆయనకి నా మీద ప్రేమే. అందులో నాకు అణువంత అనుమానం లేదు. అదే నా ఖర్మ.

కిందటి గురువారం తెగించాను. ఆ రోజు గింజ కొత్తది, పద్దెనిమిది వందల మీటర్లు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఎలా ఉంది?"

"ఏమండీ, ఒక్క మాట చెబుతాను. రాసుకోకుండా వినండి."

"చెప్పు, చెప్పు." పెన్ను మూత తీశారు.

"నాకు ఈ కాఫీ వద్దు. మీరు హాయిగా పడుకోండి. పొద్దున్నే ఒక్క పది నిమిషాలు నన్ను ఒంటరిగా వదిలెయ్యండి. ఇంకేమీ అక్కర్లేదు నాకు."

ఆయన పెన్ను పక్కన పెట్టి నన్నే చూశారు. కళ్ళు తడయ్యాయి. నా గుండె ఒక్కసారి పైకి లేచింది. ఇరవై రెండేళ్ళకి ఈ మనిషికి నా మాట వినబడింది! ఆయన మెల్లగా చెయ్యి చాపి, నా చేతిలో కప్పు తీసుకుని, ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకున్నారు.

"నిజమే" అన్నారు. "నిజమే. నాకూ అలాగే అనిపిస్తోంది."

పుస్తకం తెరిచి నిదానంగా రాశారు. "తాగాక ఒంటరిగా కూర్చోవాలనిపిస్తుంది. అయిదుకి అయిదు."

"ఇంతవరకూ ఏ గింజ గురించీ నువ్వింత పెద్ద మాట అనలేదు" అని ముక్కు తుడుచుకుంటూ ఫోన్ తీసి, ఆ గింజే మూడు కిలోలు ఆర్డరు పెట్టారు.

ఫ్రెంచ్ ప్రెస్ వల్ల దేశానికి ఏం లాభం అని ఇంకా ఎవరికైనా సందేహం ఉంటే, మా లాబ్‌కి రండి. శుక్రవారం నుంచి నేను పావు తక్కువ ఆరింటికల్లా డ్యూటీలో ఉంటున్నాను. పని పెరిగిపోయిందని ఇంట్లో చెప్పాను. మా మేనేజరు నా క్రమశిక్షణకి కదిలిపోయి, నోటీసు బోర్డు మీద నా ఫొటో పెట్టించాడు. పాపం మావారు, నేను కాఫీ లేకుండా వెళ్ళిపోతున్నానని బెంగపెట్టుకుని ఫ్లాస్కులో పోసి ఇస్తున్నారు. అది మా వాచ్‌మన్‌కి ఇచ్చేస్తున్నాను. అతను అందులో నాలుగు చెంచాల పంచదార వేసుకుని, "కషాయంలా ఉందమ్మా, జలుబుకి మంచిదే" అంటాడు. ఆ మాటే మావారికి మెసేజ్ పెడుతున్నాను. పుస్తకంలో ఎక్కుతోంది.

లాబ్ వరండా చివర ఒక మిషను ఉంది. బొత్తాం నొక్కితే కాయితం కప్పులో గోధుమరంగు నీళ్ళు పడతాయి. ఏ గింజో, ఎంత ఎత్తున పండిందో, ఎప్పుడు వేయించారో దానికీ తెలియదు, నాకూ తెలియదు. ఆ కప్పు పట్టుకుని లోపలికొచ్చి, లైటు వెయ్యకుండా, జనం రక్తం ఇచ్చే కుర్చీలో నేనే కూర్చుని, కాళ్ళు చాపుకుని పది నిమిషాలు తాగుతున్నాను.

ఎలా ఉందంటారా? ఏమోనండీ, గమనించలేదు. అక్కడ నన్నెవరూ అడగరు.